ఏడో రొట్టె

ఆ వేసవిలో నా కూతురు రైలు దిగినప్పుడు నేను ముందు చూసింది దాని మొహం కాదు. దాని వెనకాల దిగిన పిల్ల చెవులు.

మా స్టేషన్‌లో పెద్ద రైళ్ళు పన్నెండు నిమిషాలు ఆగుతాయి. ఆ పన్నెండు నిమిషాలే నా బతుకు. బాల్కష్ సరస్సు చేపల్ని పొగబెట్టి, పాత పత్రికల్లో చుట్టి, బుట్టలో పెట్టుకుని పెట్టెల వెంట పరిగెత్తుతాను. నాలాంటి ఆడవాళ్ళం పదిమందిమి ఉన్నాం. మిగతావాళ్ళు ప్రయాణికుల చేతుల కేసి చూస్తారు. నేను కిటికీల కేసి చూస్తాను. ఇరవై నాలుగేళ్ళుగా అదే అలవాటు. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆరోజు రైలు ఇరవై నిమిషాలు ఆలస్యం. నేను ఎలాంటిదాన్నంటే, ఆ ఇరవై నిమిషాల్లో ఒక వంతెన కూలగొట్టాను, రెండు పెట్టెలు పట్టాలు తప్పించాను, నా కూతుర్ని ఏదో ఊరి ఆసుపత్రిలో పడుకోబెట్టి, నెత్తురు కావాలంటే నాది సరిపోతుందా అని కూడా ఆలోచించాను. అప్పుడు రైలు తాపీగా వచ్చి ఆగింది. మర్జాన్ నవ్వుతూ దిగింది. జర్మనీలో ఆసుపత్రి నర్సు నా కూతురు. వెళ్ళి తొమ్మిదేళ్ళు. ఈసారి వేసవంతా ఉంటానంది. స్నేహితురాలు ఎర్నా కూడా వస్తుందంది.

ఎర్నాకి మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు. చెవులు బాగా కనబడుతున్నాయి. ఆ చెవులకి మా అత్తగారి వెండి పోగులు వేలాడుతున్నాయి.

అర్ధచంద్రం ఆకారం, కింద మూడేసి ఎర్ర పూసలు. ఎడమదానికి ఒక పూస లేదు. ప్రపంచంలో అలాంటి జత ఇంకొకటి ఉండదు. నన్ను కోడలిగా ఖాయం చేసుకున్నరోజు మా అత్తగారు తన చేత్తో వాటిని నా చెవులకి పెట్టింది. మాలో ఒకరి చెవికి పోగు పెట్టామంటే ఆ పిల్ల ఇక మన ఇంటిది. ఇంకో మాట అక్కర్లేదు. మర్జాన్ వెళ్ళేటప్పుడు వాటిని దాని చేతిలో పెట్టాను. "నీకు కొడుకు పుడితే కోడలి చెవికి పెడుదువుగాని" అన్నాను.

అదిగో, ఆ పోగులు ఇప్పుడు ఈ పిల్ల చెవుల్లో ఉన్నాయి.

"అవ్వా, బాగున్నావా?" అంది ఎర్నా. నాకు యాభై ఒకటి.

నా పక్కనే ఉన్న ఖదీషా పగలబడి నవ్వింది. నాకంటే పదేళ్ళు పెద్దది, ప్లాట్‌ఫారం మీద దాని నోటికి ఇంజను కూడా తప్పుకుంటుంది. "ఏమే రాబిగా, నీ కూతురు జర్మనీ నుంచి అల్లుణ్ణి తెస్తుందని మేమంతా కాళ్ళు కడుక్కుని కూర్చుంటే, నీకు మనవరాల్ని తెచ్చిందేమిటే!"

నేను నా తలకున్న గుడ్డ విప్పి ఆ పిల్ల తలకి కట్టేశాను. చెవులు కప్పేలా, గట్టిగా. "ఎండమ్మా, ఎండ. మా ఎండ నీకు తెలీదు."

పోగులు తీసెయ్యమని అనొచ్చు కదా అంటారేమో. తీసెయ్యమంటే నాకు తెలిసినట్టవుతుంది. తెలిసినట్టయితే ఏదో ఒకటి మాట్లాడాలి. అందుకని ఆ వేసవంతా ఆ పిల్ల చెవులు కప్పడమే పనిగా పెట్టుకున్నాను.

*

ఎర్నాకి మా మాట వచ్చు. వాళ్ళ ముత్తాతల్ని యుద్ధకాలంలో, జర్మనులన్న పాపానికి, సరుకు రైలు పెట్టెల్లో ఎక్కించి తెచ్చి ఈ బీడులో దించేశారు. ఎర్నాకి నాలుగేళ్ళప్పుడు అమ్మానాన్న ఇక్కడి కరగండా ఊరు వదిలి తిరిగి జర్మనీ వెళ్ళిపోయారు. దాని మాట అక్కడితో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ మనిషి నాలుగేళ్ళ పిల్లలా "అవ్వా, ఆకలి", "అవ్వా, చేప కళ్ళు నన్ను చూస్తున్నాయి" అంటుంటే నవ్వకుండా ఉండటం కష్టం. నేను నవ్వకుండానే ఉన్నాను.

వచ్చిన మర్నాడు నేను పిండి కలుపుతున్నాను. ఎర్నా పెరట్లో కూర్చుని చేపలకి పొలుసు తీస్తోంది. తీస్తూ తీస్తూ ఈల వేసింది.

నా చేతిలో గిన్నె కింద పడింది.

ఏదో ఒక ఈల అయితే సరే. అది ఆ ఈల. పైకి పోయి, పోయి, అక్కడొకచోట తెగి, మళ్ళీ మొదటినుంచి మొదలయ్యే ఈల. ఇరవై నాలుగేళ్ళ తర్వాత మా పెరట్లో.

మాలో కోడలు అత్తవారి వైపు మగవాళ్ళ పేర్లు నోటితో పలకకూడదు. తనకి తోచిన వేరే పేర్లు పెట్టుకుని పిలుచుకోవాలి. నేను కాపురానికి వచ్చేసరికి మా మరిదికి పదిహేడేళ్ళు. ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగేవాడు. ఇంట్లో ఈల వేస్తే ఇల్లు ఖాళీ అవుతుందని మా అత్తగారు చెప్పుతో వెంటపడేది. అతనికి ఈలబాబు అని పేరు పెట్టాను. తర్వాత రైలు గేటు దగ్గర కాపలా ఉద్యోగం వచ్చింది. రైలు ఎంత దూరాన ఉందో అతని ఈల బట్టి మాకు తెలిసేది.

ఒక ఆగస్టులో సరస్సు మధ్యలో పడవ దొరికింది. అతను దొరకలేదు. పడవలో అతని బూట్లు జతగా పెట్టి ఉన్నాయి, గుమ్మం ముందు పెట్టినట్టు.

శవం లేదు. కాబట్టి పోయాడని అనలేకపోయాం. ఏడో రోజూ నలభయ్యో రోజూ ఏమీ జరపలేదు. అసలు అతని గురించి ఎవరూ మాట్లాడకూడదని మా ఆయన అన్నగారు, మా బావగారు, చెప్పారు. మా ఆయన కూడా, ఆరేళ్ళ కిందట తను పోయేదాకా, తమ్ముడి మాట ఎత్తలేదు. నేనైతే పేరు ఎలాగూ పలకను. ఇల్లంతా నా నోరులాగే అయిపోయింది.

శుక్రవారం శుక్రవారం పోయినవాళ్ళ కోసం మేము నూనెలో ఏడు రొట్టెలు వేయిస్తాం. ఆ వాసన వాళ్ళకి అందుతుంది. ఒక్కో రొట్టె తిప్పుతూ ఒక్కొక్కరిని తలుచుకుంటాను: మా అమ్మ, మా నాన్న, మా అత్తగారు, మామగారు, పుట్టి పోయిన నా మగపిల్లాడు, మా ఆయన. ఆరు. ఏడో రొట్టెని ఏమీ అనకుండానే తిప్పేస్తాను. మాడకుండా చూసుకుంటాను, అంతే. ఆ తర్వాత రైలు వస్తుంది. బుట్టతో పరిగెత్తి కిటికీల కేసి చూస్తాను. పోయినవాళ్ళలో కలపలేదు కాబట్టి ఏదో ఒక కిటికీలో ఉండాలి కదా.

"ఏమైందమ్మా?" అంటూ మర్జాన్ లోపలికొచ్చింది.

"చెయ్యి జారింది. దానికి చెప్పు, ఇంట్లో ఈల వెయ్యకూడదని."

"పెరట్లో వేస్తోంది కదా."

"పెరడు కూడా ఇల్లే."

*

జూన్ అంతా మర్జాన్ ఆఫీసుల చుట్టూ తిరిగింది. పొద్దున బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్ళేది, సాయంత్రానికి దుమ్ముకొట్టుకుని వచ్చేది. మొదట నాకేమీ చెప్పలేదు. దానికి ఏదో జబ్బని, ఇక్కడి డాక్టర్లకి చూపించుకుంటోందని నేను నిశ్చయం చేసుకుని, దానికి రోజూ గుర్రపుపాలు తాగించడం మొదలుపెట్టాను. ఆఖరికి ఒకరోజు గిన్నె పక్కకి నెట్టి చెప్పేసింది.

"జబ్బేం లేదమ్మా. అక్కడ నాకు పౌరసత్వం ఇస్తామన్నారు. వాళ్ళు రెండు దేశాలవీ ఉంచుకోవచ్చంటున్నారు. మనవాళ్ళు ఒప్పుకోరు. ఏదైనా దారి ఉందేమోనని నెలరోజులుగా అడుగుతున్నాను. లేదు. ఒకటే పాస్‌పోర్టు. అది తీసుకుంటే ఇది వదిలెయ్యాలి."

"అయితే అది తీసుకోకు."

"అంతేనా?"

"అంతే. తొమ్మిదేళ్ళు ఉన్నావు కదా ఆ నీలం పుస్తకంతోనే. ఇప్పుడేం మునిగింది?"

మర్జాన్ కిటికీలోంచి బయటికి చూసింది. ఎర్నా పెరట్లో దండెం మీద చేపలు గుచ్చుతోంది, తల మీద నా గుడ్డతో. గుడ్డ జారుతుంటే మోచేత్తో సర్దుకుంటోంది.

"ఆ పుస్తకంతో ఉన్నంతకాలం, ఏదైనా తేడా వస్తే నన్ను పంపేది ఇక్కడికే. ఇక్కడ కాగితం మీద ఎర్నా నాకు ఎవరూ కాదు."

నేను పిండి కలుపుతూనే ఉన్నాను. అప్పటికే చాలా గట్టిపడిపోయింది.

"అక్కడ?" అన్నాను.

"అక్కడ అన్నీ తనే."

అంతే మాట్లాడుకున్నాం. వేరే ఏ తల్లీకూతుళ్ళయినా ఏడ్చేవాళ్ళు, కేకలేసుకునేవాళ్ళు. నేను పిండిలో ఇంకొంచెం నీళ్ళు పోశాను.

"వదులుకోవాలంటే నీ సంతకం కావాలమ్మా" అంది కాసేపటికి. "నోటరీ ముందు. నా మీద నీకు హక్కులేమీ లేవని, అభ్యంతరం లేదని. తల్లిదండ్రుల్లో బతికున్నవాళ్ళు రాసివ్వాలట."

"కన్నతల్లికి హక్కు లేదని రాసివ్వాలా?"

"ఊరికే కాగితం భాష అమ్మా అది."

"నేను ఎనిమిదో క్లాసు చదివాను. ఆ మాత్రం భాష నాకు వచ్చు. పెట్టను."

అది మళ్ళీ అడగలేదు. తన పాస్‌పోర్టు తెచ్చి నా చేతికిచ్చి, "దాచు. ఆఫీసుల్లో తిరుగుతుంటే పోతుందేమోనని నాకూ నీలాగే భయం పట్టుకుంది" అంది. పిండి డబ్బాలో, గుడ్డలో చుట్టి, పిండి అడుగున పెట్టాను. అది నా చేతుల్లో ఉన్నంతకాలం నా కూతురు నా దగ్గరే ఉంటుందనిపించింది. నిజం చెప్పాలంటే, దాన్ని తిరిగివ్వకపోతే ఏమవుతుందని కూడా ఆలోచించాను.

*

జూలైలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఈతకి వెళ్ళారు. నేను పొగపెట్టె దగ్గర కట్టెలు సర్దుతున్నాను. మా పొగపెట్టె ఒడ్డునే ఉంది, వలల కొట్టం పక్కన. తలెత్తి చూస్తే ఒక్క తలే కనబడింది నీళ్ళ మీద.

నేను చెప్పులతోనే నీళ్ళలోకి దిగిపోయాను. నడుములోతు దాకా వచ్చాక అరుస్తున్నానని తెలిసింది. ఏమని అరిచానో నాకు తెలీదు. రెండో తల మర్జాన్‌ది, ఇంకాస్త దూరంలో తేలింది. మునిగి అడుగున రాళ్ళు వెతుకుతోందట. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, రాళ్ళు!

ఒడ్డుకొచ్చాక ఎర్నా నన్ను గట్టిగా పట్టుకుంది. "అవ్వా ఏడవకు. మేము చేపలం. మేము మునగం." తడిసిన బట్టలు మార్చుకురమ్మని దాన్ని ఇంటికి పంపాను. మర్జాన్ నా పక్కన పొగపెట్టెకి ఆనుకుని కూర్చుంది.

"అమ్మా, నువ్వు నా పేరు పెట్టి పిలవలేదు. 'ఈలబాబూ' అని అరిచావు. ఎవరు?"

పొగ కళ్ళలోకి వస్తోంది. పొగలో ఒక సుఖం ఉంది, కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయో ఎవరూ అడగరు.

"మీ చిన్నాన్న."

"నీళ్ళలో పోయిన చిన్నాన్నా?"

"పోయాడని ఎవరన్నారు?" అన్నాను వెంటనే. తర్వాత చెప్పాను. ఎవరికీ చెప్పనిది.

"నీకు అయిదేళ్ళు అప్పుడు. ఈ కొట్టంలోకి వల కోసం వచ్చాను. అతనున్నాడు. సరుకు రైలు సహాయ డ్రైవరు ఒకడు ఉండేవాడు, పొడుగ్గా, వాడూ ఉన్నాడు. ఏం చేస్తున్నారంటే, ఏమీ లేదు. వాడి తల ఇతని ఒళ్ళో ఉంది. ఇతను మెల్లిగా ఈల వేస్తున్నాడు. వాడు కళ్ళు మూసుకుని వింటున్నాడు. అంతే. నన్ను చూశారు. ఈల ఆగిపోయింది."

"తర్వాత?"

"నాకు భయమేసింది. ఊళ్ళో ఎవరైనా చూస్తే చంపేస్తారనుకున్నాను. మీ పెదనాన్నతో చెబితే చాటుగా మందలిస్తారు, సర్దుకుంటుంది అనుకున్నాను. వెళ్ళి చెప్పాను. కాపాడుతున్నాననే అనుకున్నాను మర్జాన్. నా భయం నాతో ఎప్పుడూ ఆ మాటే చెబుతుంది."

"కొట్టారా?"

"పెదనాన్న కొట్టలేదు. అదే ఇంకా ఘోరం. తెల్లారేలోపు పెళ్ళికి ఒప్పుకో, లేకపోతే నీకు అన్నలు లేరనుకో అన్నారు. తెల్లారేసరికి పడవ లేదు."

చేపల కొవ్వు బొట్లు బొట్లుగా నిప్పుల మీద పడుతోంది.

"నాకు మొహం గుర్తులేదు" అంది మర్జాన్. "గేటు దగ్గర ఎవరో నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఈల నేర్పినట్టు మాత్రం గుర్తు. పెదాలు ఇలా పెట్టు అని. నేను ఎర్నాకి నేర్పాను. ఆ ఒక్క పాటే నాకు వచ్చు, అదీ సగమే. అందుకే మధ్యలో తెగిపోతుంది."

అప్పటిదాకా ఆ ఈల ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను అడగలేదు. ఏ సమాధానం వస్తుందోనని భయపడ్డాను. అతనే పంపాడేమో, నన్ను పట్టుకోవడానికి వచ్చిందేమో అనుకుంటూ నెలంతా గడిపాను. నా కూతురి నోట్లో దాక్కుని జర్మనీ దాకా వెళ్ళొచ్చిందని నాకెలా తెలుస్తుంది?

"ఆయన పేరేంటమ్మా?"

"నేను పలకకూడదు."

"ఇప్పుడెవరున్నారు వినడానికి?"

నోరు తెరిచాను. రాలేదు. ముప్పై ఏళ్ళు మూసి ఉంచిన తలుపు. తడి బట్టల అంచు పిండుకుంటూ లేచి వెళ్ళిపోయాను.

*

మా బావగారు ఎదురింట్లోనే ఉంటారు. రైలు పట్టాల మేస్త్రీగా చేసి దిగిపోయారు. డెబ్బై దాటినా నిటారుగా నడుస్తారు. మధ్యాహ్నం రైలు వెళ్ళాక మా ఇంట్లో టీ తాగడం ఆయనకి అలవాటు. ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు అలాగే వచ్చారు. విపరీతమైన ఉక్క. రొట్టెలు వేయించిన పొయ్యి ఇంకా ఆరలేదు. ఎర్నా టీ గిన్నెలు తెచ్చి పెడుతూ, పాపం, ఉక్కకి తట్టుకోలేక తలగుడ్డ లాగేసింది.

బావగారి చేతిలో టీ గిన్నె గాల్లోనే ఆగింది.

నా గుండె అక్కడే ఆగినా బాగుండేది. ఎర్నా వంగి ఆయన ముందు చక్కెర పెట్టింది. ఎర్ర పూసలు ఆయన కళ్ళ ముందే ఊగాయి. మూడు ఒకవైపు, రెండు ఒకవైపు.

"ఆ మూడో పూస చిన్నప్పుడు నేను కొరికి మింగేశాను" అన్నారు బావగారు, ఎవరితోనో అన్నట్టు. తర్వాత నా వైపు తిరిగారు. "రాబిగా, ఆ అమ్మాయిని బయటికి వెళ్ళమను."

మర్జాన్ లేచింది. "తను ఎక్కడికీ వెళ్ళదు పెదనాన్నా."

"అయితే ఉండనీ. నాకేం." ఆయన గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు. "ఆఫీసుల్లో నువ్వేం అడుగుతున్నావో నాకు తెలిసింది. నాకు తెలిసినవాళ్ళు అక్కడా ఉన్నారు. ఎందుకో అర్థం కాలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడు అర్థమైంది. రాబిగా, దీని పాస్‌పోర్టు ఎక్కడుంది?"

నా కళ్ళు, వెధవ కళ్ళు, పిండి డబ్బా వైపు వెళ్ళాయి.

"తీసుకొచ్చి నాకియ్యి. నా పెట్టెలో ఉంటుంది. సంతకం పెట్టకు. చలికాలం దాకా ఇక్కడే ఉంటే మంచి సంబంధం చూస్తాను. అన్నీ సర్దుకుంటాయి."

సర్దుకుంటాయి. నేను వాడిన మాటే.

"అసలు మా అమ్మ పోగులు ఈ పిల్ల చెవికి ఎవరు పెట్టారు?" అన్నారు. "దొంగతనంగా ఎవరికి వాళ్ళు పెట్టుకుంటే అది పెట్టినట్టు కాదు."

మర్జాన్ నోరు తెరిచింది. అది నిజం చెప్పబోతోందని నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ దానికి అదే రోగం.

"నేనే పెట్టాను" అన్నాను.

ఇద్దరు పిల్లలూ నన్ను చూశారు. నేను బావగారి గిన్నెలో టీ పోశాను.

"నువ్వా."

"నేనే. నా చేత్తో."

"మన ఇంట్లో ఇలాంటిది ఎన్నడూ లేదు రాబిగా."

"ఉంది బావగారూ" అన్నాను. "ఓమిర్జాక్."

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఇద్దరు బిడ్డలు పోయాక పుట్టాడని, ఆయుష్షు నిలవాలని మా అత్తగారు ఏరి పెట్టుకున్న పేరు అది. ఆమె పిలుస్తుంటే విన్నాను గానీ నా నోటితో ఎన్నడూ అనలేదు. అంటే ఇల్లు కూలుతుందనుకున్నాను. పొయ్యి మీద టీ కుండ సన్నగా ఉడుకుతూనే ఉంది.

బావగారు గిన్నె కింద పెట్టారు.

"నువ్వే కదా వచ్చి చెప్పింది" అన్నారు, చాలా మెల్లిగా.

"నేనే. చెప్పింది నేను, పంపింది మీరు. ఇంకోసారి నాకు చేతకాదు."

ఆయన టోపీ కోసం పక్కన తడుముకున్నారు. అది తల మీదే ఉంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి, తలుపు చెక్క పట్టుకుని, వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"నలభై రోజులు వెతికాను. మీరెవరూ లేవకముందే వెళ్ళేవాణ్ణి. కొక్కెం వేసి లాగితే గడ్డే వచ్చేది. ఒక్కోసారి జుట్టులా ఉండేది."

ఆయన వెళ్ళాక ఎర్నా టీ గిన్నెలోకి చూసింది. "తాత తాగలేదు" అంది. ఆ పిల్లకి ఎంత అర్థమైందో నాకు తెలీదు. నేను పిండి డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పాస్‌పోర్టు తీసి, దులిపి, మర్జాన్‌కి ఇచ్చేశాను.

*

నోటరీ చిన్నమ్మాయి. మర్జాన్ కంటే చిన్నదేమో. గోళ్ళకి రంగు. కాగితం గడగడా చదివింది: ఫలానా రాబిగా అనే నాకు, దేశ పౌరసత్వం వదులుకుంటున్న నా కూతురు ఫలానా మర్జాన్ మీద ఏ విధమైన హక్కుగానీ, దావాగానీ, అభ్యంతరంగానీ లేవు.

"అర్థమైందా పెద్దమ్మా? అంతా సరిగ్గా ఉందా?"

"ఒక వాక్యం కలపొచ్చా?"

"ఏమని?"

"ఎప్పుడైనా రావచ్చు అని."

ఆ అమ్మాయి కాగితం కేసి చూసింది, నా కేసి చూసింది. "అలాంటి గడి లేదు పెద్దమ్మా" అంది, పాపం, నిజంగా వెతికాకే.

సంతకం పెట్టాను. నాకు మామూలుగానే అక్షరాలు వంకరగా వస్తాయి. ఆ రోజు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. బస్సులో మర్జాన్ నా భుజం మీద తల పెట్టుకుని ఊరు వచ్చేదాకా నిద్రపోయింది. బస్సు దొర్లుతుందేమోనని దారంతా ముందు సీటు గట్టిగా పట్టుకునే కూర్చున్నాను.

వాళ్ళు వెళ్ళిన రోజు రైలు సరిగ్గా సమయానికి వచ్చింది. అలా రాకూడదు అసలు. పన్నెండు నిమిషాలు. మొదటి నాలుగు సామాన్లకి పోయాయి. తర్వాత నేను బుట్ట కింద పెట్టి ఎర్నాని ఇలా రమ్మన్నాను. నా చేతులకి చేప వాసన. బట్టలకి తుడుచుకుని, ఆ పిల్ల చెవులనుంచి పోగులు తీశాను. దాని మొహం తెల్లబోయింది. తీసుకుంటున్నాననుకుంది.

"వంగు" అన్నాను. "పొడుగెక్కువ నువ్వు."

ఒకటి, తర్వాత రెండోది, మా అత్తగారు నాకు పెట్టినట్టే కుడి చెవితో మొదలుపెట్టి, నా చేత్తో పెట్టాను. బావగారి ముందు అబద్ధం ఆడాను కదా. అది అబద్ధంగా మిగిలిపోకూడదు.

ప్లాట్‌ఫారం మీద ఆడవాళ్ళంతా అమ్మకాలు ఆపేశారు. వాళ్ళకి ఆ పోగులు పెట్టడం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఖదీషా చేతిలో చేప పట్టుకుని అలాగే నిలబడింది. ఇక నా బతుకు అయిపోయిందనుకున్నాను. ఖదీషా దగ్గరికొచ్చి, కళ్ళు చిట్లించి, ఎర్నా ఎడమ చెవి పట్టుకుని చూసింది.

"పూస ఊడిందే దీనికి! బాగుచేయించకుండా పెడతావా సిగ్గులేకుండా?" అంది నాతో. చేతిలో చేప ఎర్నా సంచిలో కుక్కి, "అదుగో మూడో నంబరు పెట్టెవాళ్ళు పిలుస్తున్నారు" అని పరిగెత్తింది.

ప్లాట్‌ఫారం చివర, పాత గేటు గది దగ్గర, బావగారు నిలబడి ఉన్నారు. మర్జాన్ చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు. కానీ రైలు కనుమరుగయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు కూడా.

చలికాలంలో పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం వచ్చింది. ఇప్పుడు నా కూతురు ఈ దేశంలో ముప్పై రోజుల చుట్టం.

వాళ్ళు వెళ్ళిన తర్వాతి శుక్రవారం పొద్దున్నే మూకుడు పెట్టాను. మా అమ్మ, మా నాన్న, అత్తగారు, మామగారు, నా పిల్లాడు, మా ఆయన. ఏడో రొట్టె నూనెలో వేశాను. అది పొంగింది. ఈ రొట్టె మీద పేరు అన్నానంటే ఇక కిటికీల్లో వెతకడానికి ఎవరూ ఉండరు. అంచు ఎర్రబడుతోంది. ఇంకాసేపు ఆగితే మాడిపోతుంది.

"ఓమిర్జాక్" అని తిప్పాను.

ఏడు రొట్టెలూ గుడ్డలో చుట్టి, వేడిగా ఉండగానే, ఎదురింటి గుమ్మంలో పెట్టి వచ్చాను. తలుపు కొట్టలేదు. నేను మా గుమ్మం ఎక్కేసరికి నా వెనక ఆ ఇంటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది.

అంతలో రైలు కూత వేసింది. బుట్ట ఎత్తుకుని పరిగెత్తాను. ఈరోజు నుంచి చేతుల కేసే చూడాలి అనుకున్నాను, అందరిలాగే. మొదటి పెట్టె వచ్చింది. రెండోది వచ్చింది.

తలెత్తి కిటికీల కేసి చూశాను.